ఏడడుగుల మనిషికి వయసొస్తే

2012 మార్చి 25న శాన్ ఆంటోనియో స్పర్స్‌కీ ఫిలడెల్ఫియాకీ ఆట జరిగింది. ఎన్‌బీఏలో ప్రతి ఆట అయ్యాక బాక్స్ స్కోర్ అని ఓ పట్టిక వేస్తారు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారు, ఎన్ని పాయింట్లు కొట్టారు, ఎన్ని రీబౌండ్లు పట్టారు, అన్నీ అందులో ఉంటాయి. ఆడని వాళ్ళ పేరు ఎదురుగా కారణం రాస్తారు. మోకాలి నొప్పి, చీలమండ బెణికింది, కోచ్ నిర్ణయం.. ఇలాంటివి. ఆ రోజు టిమ్ డంకన్ పేరు ఎదురుగా ఉన్న కారణం ఒక్కటే మాట. "ఓల్డ్". ముసలాడయ్యాడు కాబట్టి ఆడలేదు, అంతే!

డంకన్‌కి అప్పటికి 36 నిండడానికి ఇంకా నెల రోజులుంది. నాకు 34. పడీ పడీ నవ్వాను. ఆ పట్టికని బొమ్మ తీసి పాత రూమ్మేట్లందరికీ మెయిల్ కొట్టాను కూడా.

మొన్నామధ్య మా టీమ్‌లో కొత్త ఆన్‌కాల్ రోస్టర్ వచ్చింది. అందులో నా పేరుంది గానీ ఎదురుగా వారాలేం లేవు, చిన్న గీత ఉంది. మా లీడ్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మంచి కుర్రాడు. ఏంటి సంగతని అడిగితే "మీకెందుకన్నా ఈ రాత్రి తిప్పలు, మేం చూసుకుంటాం కదా" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేనూ థాంక్స్ చెప్పి నా సీట్లోకొచ్చి కూర్చున్నా. కూర్చున్నాక డంకన్ గుర్తొచ్చాడు. ఈసారి నవ్వు రాలేదు.

రెస్ట్ ఇవ్వడం అనేది రెండు రకాలు కదా. ముందు పెద్ద పని ఉంది, దానికి నువ్వు కావాలి, అందుకని ఇప్పుడు కూర్చో అనడం ఒకటి. ఇక నీతో పెద్దగా పని లేదు, ఆ మాట మొహం మీద చెప్పలేక కూర్చో అనడం రెండోది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో అప్పటికప్పుడు తెలీదు. బాస్కెట్‌బాల్‌లో పొడుగు మనుషుల ముసలితనం గురించి నాకున్న ఆలోచనంతా ఈ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతోంది ఈ మధ్య.

నేను 2002 నుంచి నాలుగేళ్ళు శాన్ ఆంటోనియోలో ఉన్నాను, క్లయింట్ పని మీద. ఆ ఊళ్ళో క్రికెట్ చూద్దామంటే దిక్కు లేదు. ఊరంతా స్పర్స్ పిచ్చి. అలా అంటుకుంది నాకూ. ఆ ఆటలో సెంటర్ అంటే బుట్ట దగ్గర నిలబడే పొడుగాటి మనిషి. మన దగ్గర ఏడడుగులంటే పెళ్ళి, అక్కడ ఏడడుగులంటే ఉద్యోగం. (డంకన్ నిజానికి ఓ అంగుళం తక్కువే లెండి.)

పొడుగు మనిషికి ఒక సుఖం ఉంది. పొడుగు తగ్గదు. పరుగు తగ్గుతుంది, ఎగరడం తగ్గుతుంది గానీ ఇరవైల్లో ఏడడుగులున్నవాడు నలభైల్లోనూ ఏడడుగులే. మరి ఆ లెక్కన వీళ్ళు అందరికంటే ఎక్కువ కాలం ఆడాలి. చాలామంది ఆడరు. ఎందుకంటే అదే పొడుగు వాళ్ళ పాదాలని తినేస్తుంది. ఇంటర్ ఫిజిక్స్ గుర్తు చేసుకోండి. ఒక వస్తువు అన్ని వైపులా రెండింతలు పెరిగితే ఎముక అడ్డుకోత వైశాల్యం నాలుగింతలవుతుంది, బరువు మాత్రం ఎనిమిదింతలవుతుంది. మనిషి రెండింతలు పెరగడనుకోండి, కానీ అటువైపు ఎంత పెరిగినా నష్టం ఎముకకే. ఆ బరువుతో ఏడాదికి 82 ఆటలు, ఒక్కో ఆటలో ఎన్నోసార్లు ఎగిరి గట్టి చెక్క నేల మీద దిగడం. చైనా నుంచి వచ్చిన యావ్ మింగ్ ఏడడుగుల ఆరంగుళాలు. చేతిలో ఎంత నాజూకైన ఆటో! ఎడమ పాదంలో ఎముక మళ్ళీ మళ్ళీ చిట్లి 2011లో 30 ఏళ్ళకే మానేశాడు. అంతకుముందు తరంలో బిల్ వాల్టన్ కథా పాదాలదే. చేతులూ బుర్రా బాగానే ఉంటాయి, కింద పునాది పోతుంది.

పునాది మిగిలినవాళ్ళలో కూడా వయసు ఒక వరసలో వస్తుంది. ముందు పోయేది పాయింట్లు కాదు, రీబౌండ్లు. బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని పట్టడానికి ఒకసారి ఎగిరితే చాలదు. ఎగిరి, దిగి, పక్కవాడు ఊపిరి తీసుకునే లోపల మళ్ళీ ఎగరాలి. ఆ రెండో ఎగురుడు ముందు పోతుంది. కరీమ్ అబ్దుల్ జబ్బార్ లెక్కలు చూడండి. 1975-76లో ఆటకి 27.7 పాయింట్లు, 16.9 రీబౌండ్లు. పదేళ్ళ తర్వాత 1985-86లో 23.4 పాయింట్లు, 6.1 రీబౌండ్లు. పాయింట్లు చూస్తే ఏమీ అవ్వలేదు. రీబౌండ్లు చూస్తే మనిషి సగం కూడా లేడు. ఆఫీసులో కూడా బయటికి కనపడే అంకె చివర పోతుంది కామోసు.

కరీమ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఆయన కాలేజీలో ఉండగా, 1967లో, కాలేజీ ఆటలో డంక్ చెయ్యకూడదని రూల్ పెట్టారు. బంతిని పై నుంచి బుట్టలోకి బాదడం బంద్. ఆయన్ని చూసే పెట్టారని చాలామంది అంటారు. దాంతో ఆయన చిన్నప్పటి నుంచీ వేస్తున్న హుక్ షాట్‌ని ఇంకా నూరుకున్నాడు. ఒంటిని పక్కకి తిప్పి, ఎదుటివాడికీ బంతికీ మధ్య తన శరీరాన్నే గోడగా పెట్టి, చెయ్యి పూర్తిగా పైకి చాచి, మణికట్టు విరుపుతో వదిలే షాట్. స్కైహుక్ అంటారు. దానికి పెద్దగా ఎగరక్కర్లేదు. అంటే 20 ఏళ్ళ వయసులో ఎవరో అడ్డు పెడితే నేర్చుకున్న పని 40 ఏళ్ళకి అన్నం పెట్టింది. దానికి తోడు యోగా ఒకటి. ఆ రోజుల్లో అమెరికన్ ఆటగాళ్ళు యోగా చెయ్యడం వింతే.

1985 ఫైనల్స్ మొదటి ఆటలో బోస్టన్ వాళ్ళు లేకర్స్‌ని 148-114 తో చితక్కొట్టారు. 38 ఏళ్ళ కరీమ్‌కి 12 పాయింట్లు, 3 రీబౌండ్లు. అయిపోయాడన్నారు. అనరా మరి, అంకెలు అలాగే ఉన్నాయి. ఆ తర్వాత వీడియో చూసే మీటింగ్‌లో ఆయన ముందు వరసలో కూర్చుని కోచ్ పాట్ రైలీ పెట్టిన చీవాట్లన్నీ తిన్నాడట. రెండో ఆటకి వెళ్ళేటప్పుడు మా నాన్నని టీమ్ బస్సులో తీసుకురావచ్చా అని అడిగాడు. రైలీ సరేనన్నాడు. ఆ రోజు కరీమ్ 30 పాయింట్లు, 17 రీబౌండ్లు, 8 అసిస్టులు. లేకర్స్ ఆరు ఆటల్లో సిరీస్ గెలిచారు, ఫైనల్స్ ఎమ్వీపీ ఆయనే. ఆ బస్సు ముచ్చట నాకెందుకో ఆ 30 పాయింట్ల కంటే ఇష్టం.

ఆ తర్వాత 1986-87లో ఆట భారం మ్యాజిక్ జాన్సన్ మీదకి మారింది. ఇకపై ముందు నువ్వు కొట్టు అని రైలీ మ్యాజిక్‌కి చెప్పాడు. కరీమ్ 17.5 పాయింట్లకి దిగాడు. టీమ్ ఆ ఏడూ గెలిచింది, మరుసటేడూ గెలిచింది. 1988 ఫైనల్స్ ఆరో ఆటలో డెట్రాయిట్ ఒక పాయింటు ముందుంది, 14 సెకన్లే మిగిలాయి. ఓడితే సిరీస్ పోయినట్టే. అప్పుడు రెండు ఫ్రీ త్రోలు వెయ్యడానికి గీత దగ్గర నిలబడింది 41 ఏళ్ళ కరీమ్. రెండూ వేశాడు. 103-102. (అసలది ఫౌలే కాదని డెట్రాయిట్ వాళ్ళు ఇప్పటికీ తిడతారు, అది వేరే కథ.) ఫ్రీ త్రోకి కాళ్ళతో పని లేదు, ఎగరడంతో పని లేదు. అదసలు ముసలితనం లేని విద్య.

ఇక్కడే షకీల్ ఒనీల్ గుర్తొస్తాడు. ఆయన జీవితమంతా కలిపి ఫ్రీ త్రోలు 52.7 శాతం. 147 కిలోలని కాగితం మీద రాసేవారు, అది తక్కువ చేసి రాసిన లెక్కని అందరికీ తెలుసు. 2000 నుంచి 2002 దాకా మూడు ఫైనల్స్, మూడుసార్లూ ఎమ్వీపీ. ఆ మూడేళ్ళు షాక్‌ని ఆపినవాడు లేడు. ఆయన మీద నింద ఏంటంటే బద్ధకస్తుడని, ఒళ్ళు చూసుకోలేదని. 2002లో కాలి బొటనవేలికి ఆపరేషన్ వేసవంతా ఆగి సీజన్ ముందు సెప్టెంబర్‌లో చేయించుకున్నాడు. దెబ్బ ఆఫీసు పనిలో తగిలింది కాబట్టి ఆఫీసు టైములోనే నయం చేసుకుంటా అన్న అర్థంలో ఓ మాట అన్నాడు. మా టీమ్ వాళ్ళకి చెబితే చప్పట్లు కొట్టారు! లేకర్స్ యాజమాన్యం కొట్టలేదు. 2004లో మయామీకి పంపేశారు.

అందరూ మర్చిపోయేది ఏంటంటే, షాక్ మయామీలో కుర్రాడు డ్వేన్ వేడ్‌కి బంతి అప్పగించాడు. 2006లో గెలిచిన టైటిల్ వేడ్‌ది, షాక్ పక్కన నిలబడ్డాడు. పక్కకి తప్పుకోవడం చేతకాని మనిషేం కాదు. తర్వాత 2008లో ఫీనిక్స్, 2009లో క్లీవ్‌లాండ్, 2010లో బోస్టన్. ఉంగరాల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగాడని వెక్కిరిస్తారు. ఫీనిక్స్‌లో 2008-09లో ఏం జరిగిందో చూడండి. 36 దాటిన మనిషి 75 ఆటలు ఆడి 17.8 పాయింట్లు కొట్టాడు. ఫీనిక్స్ వైద్య సిబ్బందికి ముసలి కాళ్ళని నిలబెట్టడంలో అప్పట్లో పెద్ద పేరు. అంటే కాళ్ళకి ఇంకా జీవం ఉంది, చూసుకునేవాళ్ళు కావాలి. మరుసటేడు ఇంకో ఊరు, ఇంకో డాక్టరు, ఇంకో కోచ్. బోస్టన్‌లో 37 ఆటలు ఆడి 2011లో 39 ఏళ్ళకి మానేశాడు. ముప్పై ఆరు దాటాక మూడు ఆఫీసులు మారిన కాంట్రాక్టు ఉద్యోగి పరిస్థితి అది. అక్కడ ఎవరికీ నువ్వు వచ్చే ఏడాదికి అక్కర్లేదు. ఈ శుక్రవారానికి కావాలి.

ఇప్పుడు మళ్ళీ డంకన్ దగ్గరికి. 2011లో స్పర్స్ వెస్ట్‌లో నెంబర్ వన్‌గా వెళ్ళి ఎనిమిదో స్థానంలో ఉన్న మెంఫిస్ చేతిలో మొదటి రౌండ్లోనే ఓడారు. డంకన్ ఆ ఏడాది 13.4 పాయింట్లు, అప్పటికి ఆయన జీవితంలో అతి తక్కువ. అందరూ శ్రాద్ధం పెట్టేశారు, నేను కూడా. ఆయన బరువు తగ్గాడు, మోకాలి మీద భారం తగ్గాలని. 21 మిలియన్ డాలర్లు దాటిన జీతం 2012-13కి పది మిలియన్ల లోపుకి దించుకున్నాడు, మిగతా డబ్బుతో టీమ్ కట్టుకోమని. ఆ సీజన్లో 37 ఏళ్ళకి ఆల్-ఎన్‌బీఏ ఫస్ట్ టీమ్‌లో ఉన్నాడు.

ఇదంతా ఆయన వినయం, ఆయన క్రమశిక్షణ అని రాస్తారు. హెచ్చార్ వాళ్ళ స్లైడ్లలో కూడా చూశాను ఒకసారి, డంకన్ ఫోటో పెట్టి "మిమ్మల్ని మీరు మార్చుకోండి" అని. నాకు ఒళ్ళు మండింది. ఆ స్లైడ్లో కోచ్ పోపోవిచ్ ఏడీ? 2012 నవంబర్ చివర్లో మయామీతో దేశమంతా టీవీలో చూసే ఆట. పోపోవిచ్ డంకన్‌తో సహా నలుగురిని ముందే విమానం ఎక్కించి ఇంటికి పంపేశాడు. లీగ్ స్పర్స్‌కి 2,50,000 డాలర్ల జరిమానా వేసింది. కట్టారు. 2013-14లో స్పర్స్‌లో ఒక్కడు కూడా సగటున ఆటకి 30 నిమిషాలు ఆడలేదు, 62 ఆటలు గెలిచారు. ముసలాడికి రెస్ట్ ఇవ్వడానికి కుర్రాళ్ళందరూ పని పంచుకున్నారు, వాళ్ళ నిమిషాలు కూడా తగ్గాయి. మనిషి ఒక్కడే మారితే సరిపోయే విషయం కాదిది.

ఇంకా వెనక్కి వెళితే, డంకన్‌కి ఇది నేర్పినవాడు డేవిడ్ రాబిన్సన్. 1995లో ఎమ్వీపీ. 1996-97లో గాయాలతో ఆరు ఆటలే ఆడితే స్పర్స్ 20 గెలిచి 62 ఓడారు, ఆ పుణ్యాన డ్రాఫ్ట్‌లో డంకన్ దొరికాడు. రాబిన్సన్ ఊరికి దేవుడు. అయినా ఈ కొత్త కుర్రాడికి చోటిచ్చి తను రెండోవాడయ్యాడు. 2003 ఫైనల్స్ ఆరో ఆట నేను ఆ ఊళ్ళోనే ఓ ఫ్రెండ్ అపార్ట్‌మెంట్లో చూశాను. డంకన్ 21 పాయింట్లు, 20 రీబౌండ్లు, 10 అసిస్టులు, 8 బ్లాకులు. అది అందరికీ గుర్తు. అదే ఆటలో 37 ఏళ్ళ రాబిన్సన్, అదే ఆయన చివరి ఆట, 13 పాయింట్లు, 17 రీబౌండ్లు. ఆ రాత్రి తెల్లారే దాకా రోడ్ల మీద కార్ల హారన్లే. డంకన్ పక్క సీట్లో కూర్చుని చూశాడు, పెద్దవాడు ఎలా తప్పుకుంటాడో.

పాట్రిక్ యూయింగ్‌కి ఆ అదృష్టం లేదు. న్యూయార్క్‌కి పదిహేను సీజన్లు మోకాళ్ళు ధారపోశాడు. 1999లో ఆయన కాలి గాయంతో కూర్చుంటే టీమ్ ఫైనల్స్‌కి వెళ్ళింది. అంతే, ఆయన లేకపోతేనే టీమ్ బాగుంటుందని జోకులు. 2000లో విసిగి తనే వెళ్ళిపోతానని సియాటిల్ వెళ్ళాడు. ఆయన డంకన్ కంటే తక్కువ కష్టపడ్డాడని ఎవరైనా చెప్పగలరా?

అలాగని పోపోవిచ్‌ని కూడా దేవుణ్ణి చెయ్యను. 2013 ఫైనల్స్ ఆరో ఆట. డంకన్ అప్పటికే 30 పాయింట్లు, 17 రీబౌండ్లు. టైటిల్ గెలవడానికి సెకన్లే ఉన్నాయి, స్పర్స్ మూడు పాయింట్లు ముందున్నారు. మయామీ వాళ్ళు దూరం నుంచి త్రీ పాయింటర్ వేస్తారు, దాని వెనక పరిగెత్తడానికి చురుకైన కాళ్ళు కావాలని డంకన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. లెబ్రాన్ వేశాడు, పోయింది. తిరిగొచ్చిన బంతి పట్టడానికి మనవైపు పొడుగు మనిషి లేడు. క్రిస్ బాష్ పట్టి మూలకి విసిరాడు, రే అలెన్ వేశాడు, 5 సెకన్లుండగా సమం. ఓవర్‌టైములో పోయింది. రీబౌండ్లు పట్టే రెండో ఎగురుడు పోయిందని ఇందాక చెప్పానే, ఆ ముసలాడు ఆ రోజు 17 పట్టాడు. పద్దెనిమిదోది పట్టే అవకాశం ఇవ్వలేదు.

ఏడో ఆటలో చివరి నిమిషంలో డంకన్‌కి బుట్ట దగ్గర తేలిక షాట్ దొరికింది, తనకంటే పొట్టి మనిషి మీద. పోయింది. వెనక్కి పరిగెత్తి నేలని రెండు చేతులతో చరిచాడు. ఎప్పుడూ మొహంలో ఏమీ కనపడనివ్వని మనిషి. ఆ దృశ్యం నేను హైదరాబాద్‌లో పొద్దున్నే కాఫీ చేత్తో పట్టుకుని చూశాను, కాఫీ చల్లారిపోయింది. మరుసటేడు అదే మయామీని 4-1 తో ఓడించారు. ఎమ్వీపీ 22 ఏళ్ళ కవై లెనార్డ్. డంకన్ 2016 దాకా ఆడి 40 ఏళ్ళకి ఆపాడు.

ఇంకో రకం ముసలితనం గురించి కూడా రెండు ముక్కలు చెప్పకపోతే మన ఫీల్డ్ వాళ్ళకి అన్యాయం చేసినట్టే. రాయ్ హిబర్ట్ అని ఇండియానాలో ఏడడుగుల రెండంగుళాల మనిషి. చేతులు నిటారుగా పైకెత్తి బుట్ట ముందు గోడలా నిలబడేవాడు. 2014లో ఆల్ స్టార్, ఆ ఏడాది ఉత్తమ డిఫెండర్ ఓట్లలో రెండో స్థానం. 2017 తర్వాత ఎన్‌బీఏలో కనపడలేదు. వయసు 30! ఎముక విరగలేదు, మోకాలు పోలేదు. ఆటే బుట్ట దగ్గర నుంచి మూడు పాయింట్ల గీత బయటికి వెళ్ళిపోయింది, గోడ ఇక్కడే మిగిలింది. దీనికి తిరగేసిన బొమ్మ బ్రూక్ లోపెజ్. మొదటి ఎనిమిది సీజన్లలో కలిపి మూడంటే మూడు త్రీ పాయింటర్లు వేశాడు. 2016-17 ఒక్క సీజన్లో 134. ఆ తర్వాత మిల్వాకీతో 2021లో టైటిల్, 35 ఏళ్ళకి ఉత్తమ డిఫెండర్ ఓట్లలో రెండో స్థానం. నేర్చుకున్నాడు, నిజమే. కానీ ఎనిమిదేళ్ళ సీనియర్ వందల బంతులు తప్పుగా వేసుకోవడానికి ఒక టీమ్ ఒప్పుకుంది. తప్పులు చేసే టైము ఎవరిస్తారు మనకి?

మావాడు పదో క్లాసు, వాడికి జోకిచ్ అంటే ప్రాణం. జోకిచ్ అసలు ఎగరడు నాన్నా, ఎగరని వాడికి ముసలితనం ఎక్కణ్ణుంచి వస్తుంది అంటాడు. లాజిక్ బాగానే ఉంది. నేను వెంబన్యామా పాదాల గురించి భయపడుతూ ఉంటాను, ఏడడుగుల నాలుగంగుళాలు మరి, పైగా మా స్పర్స్.

రోస్టర్ సంగతి. నిన్న మా లీడ్‌ని క్యాంటీన్లో పట్టుకున్నా. "నాకు రెస్ట్ ఇచ్చావు బానే ఉంది, దేనికోసం ఇచ్చావు?" అని అడిగా. వాడికి అర్థం కాలేదు. మార్చిలో పేమెంట్స్ డేటాబేస్ కొత్త దానికి మార్చే రాత్రి ఒకటుంది. పాత స్కీమా రాసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. ఆ రాత్రికి నా పేరుందా అని అడిగా. "ఇంకా వెయ్యలేదన్నా, చూస్తాను" అన్నాడు. టీ తాగి ఎవరి సీట్లకి వాళ్ళం వెళ్ళిపోయాం. పొద్దున షీట్ తెరిచి చూశాను, ఆ గీత అలాగే ఉంది. మార్చి కాలమ్ ఇంకా ఖాళీగానే ఉంది.